ఏ బళ్లో వేశారు?

"మీవాణ్ణి ఏ బళ్లో వేశారండీ?"

ఈ ప్రశ్న అడగని తల్లి ఎక్కడైనా ఉంటే ఆవిడకి ఓ నమస్కారం పెట్టి రావాలి. పెళ్ళిపందిట్లో, పేరంటంలో, లిఫ్టులో, కూరలబండి దగ్గర, ఆఖరికి పరామర్శకి వెళ్ళినచోట కూడా మాట తిరిగి తిరిగి అక్కడికే వస్తుంది. "ఫీజెంత? వ్యాను మీ సందులోకి వస్తుందా? సి.బి.ఎస్.ఇ.నా, స్టేటు సిలబస్సా? ఇంగ్లీషులోనే మాట్లాడతారా, బోర్డు మీదేనా?" సంక్రాంతి ముగ్గులు ఇంకా చెరిగిపోకముందే మనకి ఈ జ్వరం పట్టుకుంటుంది. బట్టలకొట్లో ఇరవై చీరలు విప్పించి ఒకటీ కొనకుండా వచ్చిన ఇల్లాలైనా సరే, బడి దగ్గరికొచ్చేసరికి ఎవరో ఒకరు చెప్పిన మాట మీద వేలకి వేలు కట్టేసి వస్తుంది.

ఇదంతా మన కాలపు జబ్బని పెద్దవాళ్ళు ఈసడిస్తారు. "మా రోజుల్లో ఈ ఎంపికలెక్కడివమ్మా? ఊళ్ళో ఉన్న బళ్లో పడేశారు, చదువుకున్నాం" అంటారు మామగార్లు. ఆ మాట సగమే నిజం. చరిత్ర కాస్త తిరగేస్తే రెండువందల ఏళ్ళ కిందట కూడా మన తల్లిదండ్రులు డబ్బిచ్చే చదువు చెప్పించారని తెలుస్తుంది. అప్పుడూ పోల్చుకున్నారు, బెంగపడ్డారు, మోసపోయారు కూడాను. మారిందల్లా వాళ్ళు పోల్చుకున్న వస్తువు. మారనిదొకటుంది. దాని సంగతి నెమ్మదిగా చెబుతాను.

మద్రాసు గవర్నరు సర్ థామస్ మన్రో 1822లో ప్రతి జిల్లా కలెక్టరుకీ ఒక తాకీదు పంపాడు. మీ జిల్లాలో బళ్ళెన్ని, పిల్లలెంతమంది, ఏ కులం వాళ్ళు, ఏం చదువుతున్నారు, లెక్కలు కట్టి పంపండి అని. లెక్కలన్నీ పోగై 1826 నాటికి తేలిందేమిటంటే, రాజధాని మొత్తం మీద 12,498 బళ్ళు, 1,88,650 మంది పిల్లలు. అప్పటి జనాభా ఒక కోటీ ఇరవై ఎనిమిది లక్షల చిల్లర. మన కోస్తా జిల్లాలూ సీమ జిల్లాలూ అన్నీ అందులోవే.

ఈ బళ్ళు దాదాపుగా అన్నీ ప్రైవేటు బళ్ళే! సర్కారు బడి అనేది అప్పటికింకా పుట్టలేదనే చెప్పాలి. అరుగు మీదో, చావడిలోనో, చెట్టు కిందో పంతులుగారు కూచుంటే అదే బడి. పిల్లవాడికి నెలకి నాలుగణాల నుంచి ఎనిమిదణాల దాకా తండ్రులే ఇచ్చుకునేవారు. అన్నీ కలిపినా పంతులుగారికి నెలకి ఆరేడు రూపాయలు దాటేది కాదని మన్రోయే రాశాడు. అంత తక్కువ రాబడికి మంచి పంతుళ్ళెలా వస్తారని కూడా వాపోయాడు. ఇవాళ మన వీధి చివర ఇంగ్లీషు బళ్లో టీచరమ్మకిచ్చే జీతం తలుచుకుంటే, పాపం మన్రోగారి మాటకి కాలదోషం పట్టలేదనిపిస్తుంది.

ఆ లెక్కల్లో నాకు బాగా నచ్చింది బళ్ళారి కలెక్టరు కాంబెల్ 1823లో పంపిన నివేదిక. మిగతా దొరలు చాలామంది అంకెలు పంపి చేతులు దులుపుకుంటే ఈయన మాత్రం బళ్లోకి తొంగి చూశాడు. అప్పటి బళ్ళారి జిల్లాలో 533 బళ్ళున్నాయట. కన్నడం 235, తెలుగు 226, మిగతావి సంస్కృతం, మరాఠీ, పారశీకం, అరవం. ఇంగ్లీషు బడి? ఒకే ఒక్కటి! అయిదోయేట అక్షరాభ్యాసం. పొద్దున ఆరింటికల్లా బడి. అందరికంటే ముందొచ్చిన కుర్రాడి అరచేతిలో సరస్వతి పేరు రాస్తారు. రెండోవాడి చేతిలో సున్నా చుడతారు, మెప్పూ లేదు తప్పూ లేదని. మూడోవాడికి మెల్లిగా ఒక దెబ్బ, నాలుగోవాడికి రెండు, ఆ వెనక వచ్చేవాళ్ళకి వరసగా ఒక్కొక్కటి ఎక్కువ. ముప్ఫయ్యోవాడి గతి మీరే ఊహించుకోండి! బద్ధకస్తుణ్ణి రెండు చేతులూ కట్టి దూలానికి వేలాడదీయడం, కూచుని లేవమనడం కూడా ఆయన చూశాడు. కోదండం, గుంజీళ్ళు అని మన తాతయ్యలు కథలు కథలుగా చెప్పుకునేవి అవే. గుంజీళ్ళ మీద దొరగారి అభిప్రాయం ఏమిటంటే బాధాకరమే గానీ ఆరోగ్యానికి మంచిదేమోనని!

మరి ఆ తండ్రులు ఏం చూసి బడి ఎంచుకునేవారు? బాగా కొట్టే పంతులు మంచి పంతులని మన సామెతలే చెబుతాయి. ఉత్తరం చదవగలగాలి, కరణంగారి లెక్కలో మోసం పట్టుకోగలగాలి, నాలుగు శతకాలు నోటికి రావాలి. కొడుకు ఎదుట కూచుని పద్యం అప్పగిస్తే తండ్రికి తెలిసిపోయేది. తనకి తెలిసిన చదువే కొడుకూ చదువుతున్నాడు కాబట్టి పంతులు చెబుతున్నాడో లేదో ఇంట్లోనే పరీక్ష చేసుకునేవాడు. ఈ ఒక్క వాక్యం కాస్త గుర్తుపెట్టుకోండి. తరవాత పోయింది ఇదే.

ఇహ ఆ మారనిది. లక్షా ఎనభై ఎనిమిది వేల చిల్లర పిల్లల్లో ఆడపిల్లలెంతమందో తెలుసా? 4,540. బళ్ళారి జిల్లాలో అయితే 6,641 మందిలో అరవై. చదువు ఆడదాని మర్యాదకి తగదని, రాతాకోతా నేర్చేది ఆటపాటల వాళ్ళేననీ ఇళ్ళల్లో అనుకునేవారని మన్రో రాశాడు. రాచవారిళ్ళల్లోనూ మరికొన్ని కులాల్లోనూ ఆడవాళ్ళకి చదువు చెప్పేవారనీ రాశాడు. ఏ అరుగు మంచిదా అని తండ్రి ఊరంతా పోల్చుకున్నది కొడుకు కోసమే. కూతురి విషయంలో అసలు పోలిక అన్న మాటే లేదు.

అరుగు బళ్ళ కాలానికి గండి పడింది ఒక్క ఉత్తర్వుతో కాదు. 1835లో మెకాలే మాట నెగ్గింది. 1844లో హార్డింజి ప్రభువు కంపెనీ కొలువులకి ఇంగ్లీషు చదివినవాళ్ళనే ముందు చూస్తామన్నాడు. అంతే! చదువు అనే మాటకి అర్థమే మారిపోయింది. శతకం వస్తే చాలదు, ఇంగ్లీషు రావాలి. ఇంగ్లీషు ఎక్కడ దొరుకుతుంది? ముందుగా మిషనరీల దగ్గర.

బందరులో రాబర్ట్ నోబుల్ అనే పాదిరీ 1843లో ఇంగ్లీషు బడి పెట్టాడు. పెద్ద పెద్ద కుటుంబాల పిల్లలు చేరారు. తల్లులకి బెంగ, తండ్రులకి ఆశ. బైబిలు పాఠం ఓ గంట వింటే ఏమవుతుందిలే, మిగతా గంటలు ఇంగ్లీషేగా అని సమాధానపడ్డారు. 1852లో ఇద్దరు విద్యార్థులు క్రైస్తవం పుచ్చుకున్నారు. ఊరంతా గగ్గోలు. మర్నాటికి బడి దాదాపు ఖాళీ. ఇక ఆ బడి పని అయిపోయిందనే అనుకున్నారు. అయిపోయిందా? కొన్నాళ్ళు గడిచేసరికి ఒక్కొక్కరే వెనక్కి వచ్చారు. బల్లలు మళ్ళీ నిండాయి. ఆ బడే తరవాత నోబుల్ కాలేజీ అయి తరతరాల ఆంధ్రులకి చదువు చెప్పింది. ఆ ఖాళీ అయి నిండిన బల్లల మధ్య ఎన్ని ఇళ్ళల్లో ఎన్ని రాత్రులు నిద్రలు పట్టలేదో ఎవరూ రాసిపెట్టలేదు. తండ్రి అటు, తాతగారు ఇటు, తల్లి స్తంభం పక్కన నిలబడి... మనలాంటి వాళ్ళు నవల రాయాల్సిన ఘట్టం అది.

1854లో వుడ్ అనే ఆయన పంపిన పత్రంతో ప్రైవేటు బళ్ళకి సర్కారు గ్రాంటులిచ్చే పద్ధతి వచ్చింది. మన 'ఎయిడెడ్' బళ్ళకి మూలపురుషుడు ఆయనే. జమీందార్లూ మిషన్లూ సంఘాలూ బళ్ళు పెట్టడం మొదలెట్టారు. విజయనగరంలో మహారాజావారి బడి 1857లో వెలిసింది.

విజయనగరం పేరెత్తాక కన్యాశుల్కం తలచుకోకుండా ఎలా? 1892లో తొలిసారి ఆడారు. ఇవాళ మనం చదివే రూపం 1909 నాటిది. అందరూ దాన్ని బాల్యవివాహాల నాటకమనీ గిరీశం నాటకమనీ అంటారు. నా మటుకు నాకది మనలాంటి తల్లిదండ్రుల నాటకం. అగ్నిహోత్రావధాన్లుగారి కొడుకు వెంకటేశం పట్నంలో ఇంగ్లీషు చదువుతున్నాడు. పరీక్ష తప్పాడు. ఆ సంగతి ఇంట్లో తెలియకుండా గిరీశం పంతులు వేషంలో వెంట వస్తాడు. తల్లి వెంకమ్మకి ఒక ముచ్చట: కొడుకూ పంతులూ ఇంగ్లీషులో మాట్లాడుకుంటే వినాలని. వాళ్ళిద్దరూ నోటికొచ్చిన పాఠం ముక్కలు అప్పగించేస్తారు. ఆవిడ మురిసిపోతుంది.

మనం నవ్వుతాం. కానీ ఆ తల్లి చెయ్యగలిగిందేముంది చెప్పండి? అరుగుబడి తండ్రిలాగా పద్యం అప్పగించమని పరీక్ష చేసే వీలు ఆవిడకి లేదు. కొడుకు చదివేది తనకి రాని భాష. చెవికి ఎలా వినిపిస్తుందో అదొక్కటే ఆవిడ చేతిలో ఉన్న తూనికరాయి. ఇవాళ స్కూలు వార్షికోత్సవంలో స్టేజి మీద మూడేళ్ళ పిల్ల గడగడా ఇంగ్లీషు వల్లిస్తుంటే కుర్చీల్లో కూచుని కళ్ళు తుడుచుకునే తల్లులందరూ వెంకమ్మ మనవరాళ్ళే. ఆ బళ్ళ యజమానులకి ఈ రహస్యం బాగా తెలుసు.

అదే ఇంట్లో ఇంకో లెక్క నడుస్తోంది. కొడుకు చదువు ఖర్చు ఎక్కువైపోతోందని అవధాన్లు విసుక్కుంటే, తన పసుపుకుంకుమల కిచ్చిన భూమి అమ్మైనా సరే చదివిస్తానంటుంది వెంకమ్మ. అవతల చిన్నకూతురు సుబ్బిని పద్దెనిమిది వందలకి ముసలి లుబ్ధావధాన్లుకి ఇవ్వడానికి బేరం కుదిరిపోయింది. పెద్దకూతురు బుచ్చమ్మ చిన్నతనంలోనే విధవై ఇంట్లో పడి ఉంది. కొడుక్కి ఇంగ్లీషు, కూతురికి వెల. ఒకే కప్పు కింద. ఆ తల్లికి కూతుళ్ళ మీద ప్రేమ లేదనుకోవడానికి వీల్లేదు. సుబ్బి పెళ్ళి తలుచుకుని నూతిలో దూకబోయిందీ ఆవిడే. అయినా భూమి అమ్మాలన్న ఆలోచన కొడుకు చదువుకే వచ్చింది.

అప్పటికే ఇంకోవైపు గాలి మారుతోంది లెండి. ధవళేశ్వరంలో పనిచేస్తుండగా కందుకూరి వీరేశలింగంగారు 1874లో ఆడపిల్లల బడి పెట్టారు. 1883లో ఆడవాళ్ళ కోసం 'సతీహితబోధిని' పత్రిక తెచ్చారు. గుంటూరులో ఉన్నవ దంపతులు 1922లో శారదానికేతనం స్థాపించారు. ఇవన్నీ మనం పాఠాల్లో చదువుకున్నవే కాబట్టి ఇక్కడ ఆగను.

హైదరాబాదు సంగతి మాత్రం చెప్పి తీరాలి. మనకి అంతగా తెలియనిదీ, తెలిస్తే ఆశ్చర్యపోయేదీ అక్కడ జరిగింది.

నిజాం రాజ్యంలో డబ్బూ హోదా ఉన్నవాళ్ళకి మంచి బళ్ళకి కొదవలేదు. సెయింట్ జార్జెస్ గ్రామర్ స్కూలు 1834 నాటిది. ఆడపిల్లలకి స్టాన్లీ బడి 1895లో, రోజరీ కాన్వెంటు 1904లో, పరదా పాటించే పెద్దింటి పిల్లల్ని దృష్టిలో పెట్టుకుని మహబూబియా 1907లో వచ్చాయి. జాగీర్దార్ల కొడుకుల కోసమైతే ప్రత్యేకంగా 1923లో జాగీర్దార్ కాలేజీయే పెట్టారు. జాగీర్లు పోయాక అదే హైదరాబాద్ పబ్లిక్ స్కూలైంది. 1980ల చివరిదాకా మగపిల్లల బడే.

మరి మామూలు తెలుగు సంసారుల పిల్లలు? సర్కారు బళ్లో చదువు ఉర్దూలో. ఇంట్లో తెలుగు, బళ్లో ఉర్దూ. పాఠం అర్థమయ్యేలోపు పరీక్షలు వచ్చేసేవి. పోనీ సొంతంగా బడి పెట్టుకుందామా అంటే, ఖాన్గీ బళ్ళకి సర్కారు అనుమతి కావాలి. ఖాన్గీ అంటే ప్రైవేటు. ఆ అనుమతి సామాన్యంగా దొరికేది కాదు. అలాంటి రోజుల్లో మాడపాటి హనుమంతరావుగారు 1928లో నారాయణగూడలో ఆంధ్ర బాలికల పాఠశాల నిలబెట్టారు. ఆడపిల్లలకి, తెలుగులో! హైదరాబాదులో తెలుగు మాధ్యమంలో హైస్కూలు చదువుకి గుర్తింపు లేదు గనక ఆ పిల్లల్ని ఎక్కడో పూనాలో కార్వే పండితుడు పెట్టిన మహిళా విశ్వవిద్యాలయం పరీక్షలకి కూచోబెట్టేవారు.

ఒక్కసారి ఆలోచించండి. ఇవాళ ప్రైవేటు బడి అంటే ఇంగ్లీషు కోసం. అక్కడ ప్రైవేటు బడి తెలుగు కోసం! ఇవాళ కొడుకుని ప్రైవేటుకీ కూతుర్ని సర్కారుకీ పంపే ఇళ్ళు ఎన్నో. ఆ ఇళ్ళల్లో మాత్రం కొడుకు ఉద్యోగం కోసం ఉర్దూ బడికి, కూతురు తల్లిభాషలో చదువు కోసం ఖాన్గీ బడికి. కూతురికి ఉద్యోగం అక్కర్లేదన్న లెక్క అందులో లేదని నేననను. ఉండే ఉంటుంది. కానీ ఆ లెక్క పుణ్యాన ఆడపిల్లలకి అర్థమయ్యే భాషలో చదువు దొరికింది. చరిత్ర ఒక్కోసారి ఇలాంటి తమాషాలు చేస్తుంది.

స్వాతంత్ర్యం వచ్చాక ఓ పాతికేళ్ళపాటు మన ఊళ్ళల్లో పోలిక తగ్గిందనే చెప్పాలి. మామగార్ల మాటలో నిజమైన సగం ఇదే. జిల్లా పరిషత్ హైస్కూల్లో కలెక్టరు కావలసినవాడూ, పాలేరు కొడుకూ ఒకే బల్ల మీద కూచున్నారు. హెడ్మాస్టరుగారు వస్తుంటే వీధి సర్దుకునేది. మెరికల్లాంటి పిల్లల కోసం 1971లో సర్వేల్, 1972లో తాడికొండ, కొడిగెనహళ్ళి గురుకులాలు వచ్చాయి. పరీక్ష రాసి నెగ్గినవాడికి ఫీజులేని చదువు. అందులో సీటు వస్తే ఊళ్ళో పెళ్ళి సంబంధాల దాకా మాట వెళ్ళేది. గమనించారా? ఇవీ మొదట మగపిల్లలవే. కోరుకొండ సైనిక పాఠశాల 1962 నాటిది. దేశంలోని సైనిక పాఠశాలలన్నిటిలోకీ ఆడపిల్లలు అడుగు పెట్టడానికి 2021 దాకా ఆగాల్సి వచ్చింది.

తరవాత వచ్చింది కాన్వెంటు యుగం. కాన్వెంటు అంటే సన్యాసినుల మఠమని నిఘంటువు చెబుతుంది. మన ఊళ్ళల్లో దానికర్థం టై, బెల్టు, బూట్లు. 1980ల నాటికి సందుకో సెయింటు వెలిశాడు. ఆ సెయింటు ఎవరో, ఎప్పటివాడో, ఏం మహిమలు చేశాడో బోర్డు రాయించిన శాస్త్రిగారికే తెలీదు! రెండు గదుల పెంకుటిల్లు, ముందు రేకుల షెడ్డు, గోడ మీద మిక్కీమౌసు. పిల్లలు "మమ్మీ" అంటే చాలు, సగం ఫీజు గిట్టుబాటయినట్టే. మా ఇంట్లోనూ ఆ గాలి వీచింది. అన్నయ్య టై కట్టుకుని రిక్షాలో వెళ్ళేవాడు. నేను పలకా సంచీ వేసుకుని మున్సిపల్ బడికి నడిచి వెళ్ళేదాన్ని. రిక్షాలో ఇంకొకరికి చోటుండేది. ఆ ఫీజు ఇద్దరికి కట్టలేమని నాన్న, ఆడపిల్లకి దూరం ఎందుకని నాయనమ్మ. రెండూ నిజాలే. రెండూ కలిస్తే ఎప్పుడూ ఒకవైపే మొగ్గుతాయి, అదే వింత. మా మున్సిపల్ బళ్లో తెలుగు మాస్టారు పాఠం చెబితే కిటికీ దగ్గర పక్కక్లాసు పిల్లలు కూడా చేరేవారు. అందుకని ఆ ఏర్పాటు మీద నాకు పూర్తిగా కోపం తెచ్చుకోవడం కూడా చేతకాదు.

ఇప్పుడు సందు సెయింటులు వెనకబడ్డారు. టెక్నో, కాన్సెప్టు, ఒలింపియాడ్, ఇంటర్నేషనల్ వచ్చాయి. ఆరో తరగతి నుంచే ఐ.ఐ.టి. పునాది. ఎ.సి. క్లాసు, ఈతకొలను, గుర్రపుస్వారీ. తెలంగాణలో బడికెళ్ళే పిల్లల్లో సగానికి పైగా ప్రైవేటు బళ్లోనే ఉన్నారు. సర్కారు బళ్ళు కూడా బతకడానికి ఇంగ్లీషు మాధ్యమం బోర్డు పెట్టుకున్నాయి.

ఇంతకీ ఈ పోలికల్లో మనం చూసుకునే సరుకు ఎంత గట్టిదో ఎవరైనా తూచి చూశారా? చూశారు. అదీ మన పల్లెల్లోనే. కార్తీక్ మురళీధరన్, వెంకటేశ్ సుందరరామన్ అనే ఆర్థికవేత్తలు 2008లో మొదలుపెట్టి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో అయిదు జిల్లాలు, నూట ఎనభై ఊళ్ళల్లో ఒక ప్రయోగం చేశారు. సర్కారు బడి పిల్లలకి లాటరీ వేశారు. చీటీ వచ్చినవాళ్ళకి ప్రైవేటు బడి ఫీజు కట్టిపెట్టారు. నాలుగేళ్ళయ్యాక పరీక్ష పెట్టి చూస్తే, తెలుగులోనూ లెక్కల్లోనూ ఇద్దరూ సమానం! హిందీలో మాత్రం ప్రైవేటు పిల్లలు ముందున్నారు. సర్కారు బళ్లో ఆ వయసుకి హిందీ సరిగ్గా చెప్పరు కాబట్టి. అలాగని ప్రైవేటు బడి దండగ అని తేల్చెయ్యడానికీ వీల్లేదు. ఒక్కో పిల్లవాడి మీద సర్కారు పెట్టే ఖర్చులో మూడోవంతు కంటే తక్కువతోనే వాళ్ళు అంతమాత్రం చదువు చెప్పారు, తెలుగూ లెక్కలకి తక్కువ గంటలు ఇచ్చి మరీను. ఈ ఫలితాలు 2015లో అచ్చయ్యాయి. చదివి ఎంతమంది బడి మార్చారో నాకైతే తెలిసినవాళ్ళు ఒక్కరూ లేరు. వెంకమ్మకి వినిపించాల్సింది ఈ లెక్క కాదుగా!

దేశమంతా పల్లెల్లో ఇల్లిల్లూ తిరిగి పిల్లల్ని చదివించి చూసే 'అసర్' అనే సర్వే ఒకటుంది. మగపిల్లల్లో ప్రైవేటు బడికెళ్ళేవాళ్ళు ఎక్కువ, ఆడపిల్లల్లో తక్కువ అని అది ఏళ్ళ తరబడి చెబుతూనే ఉంది. మన్రో నాటి పిల్లలందరూ ఇవాళ బళ్లో ఉన్నారు, సంతోషం. ఆడపిల్లలు మార్కుల్లో ముందే ఉంటున్నారు, ఇంకా సంతోషం. పదో తరగతి ఫలితాలొచ్చిన రోజున పేపర్ల నిండా వాళ్ళ నవ్వులే. డబ్బు కట్టాల్సిన చోటికొచ్చేసరికి మాత్రం తక్కెడ పాతదే. మాటలు మారాయి, అంతే. "ఆడపిల్లకి చదువెందుకు" అని ఇప్పుడెవరూ అనరు. "దానికి ఎక్కడ వేసినా చదువుకుంటుందండీ. వీడికే కాస్త గట్టి బడి కావాలి" అంటారు. వినడానికి పొగడ్తలాగే ఉంటుంది.

మా అపార్టుమెంటులో ఒక అమ్మాయికి కవలలు, ఒక బాబూ ఒక పాపా. కిందటేడు వేసవిలో మా ఇంటికి నోటు పుస్తకం పట్టుకుని వచ్చింది. అయిదు బళ్ళు తిరిగి చూసింది. బాబు కాలమ్‌లో టెక్నో, ఫౌండేషను, రెండు లక్షల పైచిలుకు. పాప కాలమ్‌లో ఇంటికి దగ్గర, బాత్రూములు శుభ్రం, అరవై వేలు. వాళ్ళాయనా అత్తగారూ కూచుని వేసిన లెక్కట. పుస్తకం నా ముందు పెట్టి పెన్ను క్యాపు కొరుకుతూ కూచుంది. నేను చరిత్ర చెప్పబోయి ఊరుకున్నాను. ఆ పిల్లకి చరిత్ర కాదు కావలసింది, ఇంట్లో నెగ్గే మాట.

చివరికి అదే తెచ్చుకుంది. రెండు వ్యాన్లు, రెండు టైములు, రెండు యూనిఫారాలు, రెండు పేరెంట్ మీటింగులు. ఒకే బళ్లో వేస్తే రెండో పిల్లకి ఫీజులో పాతిక శాతం తగ్గింపు. పోనీ ఆ టెక్నో కాకుండా మధ్యరకం బడి చూసి ఇద్దర్నీ అందులో వేస్తే? మర్నాడు లిఫ్టులో కనబడి గబగబా చెప్పేసింది. "మా అత్తయ్య ఒప్పేసుకున్నారక్కా! వ్యాను ఒక్కటే చాలుతుంది, పొద్దున్నే రెండుసార్లు కిందికి దిగక్కర్లేదు అన్నాను. సరే అయితే ఇద్దర్నీ ఒకేచోట పడెయ్యండి అన్నారు."

ఇప్పుడు పొద్దున ఏడుంబావుకి మా గేటు ముందు ఇద్దరూ ఒకే రంగు బట్టల్లో నిలబడి ఉంటారు. నీళ్ళసీసా కోసం కొట్టుకుంటూ.